అప్‌గ్రేడ్ తర్వాత మొరాయించే టెర్మినల్

ఆపరేటింగ్ సిస్టమ్‌ను కొత్త వెర్షన్‌కు మార్చిన మర్నాడు కంప్యూటర్ పైకి బాగానే కనిపిస్తుంది. బ్రౌజర్ తెరుచుకుంటుంది, పాట వినిపిస్తుంది, మెయిళ్లు వస్తాయి. టెర్మినల్ తెరిచి గిట్ అనో, మేక్ అనో, పైథాన్ అనో కొట్టినప్పుడే తేడా తెలుస్తుంది. నిన్న సాయంత్రం దాకా పనిచేసిన కమాండ్ ఇవాళ రెండు వరుసల ఇంగ్లీషు ఎర్రర్ చూపించి ఊరుకుంటుంది. ప్రోగ్రాములు రాసేవారికి ఇది దాదాపు ఏటా తప్పని తలనొప్పి.

కోనసీమలోని అల్లవరం మండలానికి ఈ సంగతి మరీ దూరమైనదేమీ కాదు. ఆ మండలంలోని ఓడలరేవులో ఇంజనీరింగ్ కళాశాల ఉంది. 2020 తర్వాత హైదరాబాద్, బెంగళూరు కంపెనీల పనిని సొంత ఊళ్లోనే కూర్చుని చేయడం కోనసీమకూ అలవాటైంది. ఆఫీసులో అయితే మొరాయించిన ల్యాప్‌టాప్‌ను సపోర్ట్ వాళ్ల బల్ల మీద పెట్టి రావచ్చు. కొబ్బరితోటల మధ్య ఇంట్లో ఆ బాధ్యత వాడుకునే మనిషిదే. పైగా గిగాబైట్ల కొద్దీ మళ్లీ డౌన్‌లోడ్ చేయాలంటే ఫోన్ హాట్‌స్పాటే దిక్కయ్యే ఇళ్లున్నాయి. అందుకే అన్నీ తీసేసి మళ్లీ ఎక్కించడం ఇలాంటి చోట ఆఖరి వైద్యం కావాలి. అప్‌గ్రేడ్ తర్వాత చాలాసార్లు పనిముట్టు డిస్క్ మీదే ఎక్కడో క్షేమంగా ఉంటుంది. దాని దగ్గరికి తీసుకెళ్లే దారి మాత్రం తెగిపోతుంది.

కమాండ్ లైన్ పనిముట్లంటే బొమ్మలూ బటన్లూ లేకుండా, పేరు టైప్ చేస్తే నడిచే ప్రోగ్రాములు. రాసిన కోడ్ చరిత్రను దాచే గిట్, సీ భాష ప్రోగ్రామును యంత్రభాషలోకి మార్చే కంపైలర్, ఏ ఫైలు తర్వాత ఏది తయారు చేయాలో చూసుకునే మేక్, పైథాన్, నోడ్ లాంటివి ఈ కోవలోవి. వీటిలో ఏదీ ఒంటరిగా బతకదు. ప్రతిదానికీ కింద కొన్ని లైబ్రరీలుంటాయి. లైబ్రరీల కింద ఆపరేటింగ్ సిస్టమ్ ఉంటుంది. అప్‌గ్రేడ్ అడుగునున్న వరసను మార్చి, పై వరసల సంగతి వాటికే వదిలేస్తుంది.

యాపిల్ మ్యాక్ కంప్యూటర్లలో వచ్చే తొలి చిక్కుకు స్పష్టమైన గుర్తు ఒకటుంది. గిట్ అని కొట్టగానే, ఇన్‌వాలిడ్ యాక్టివ్ డెవలపర్ పాత్ అనే ఎర్రర్ వస్తుంది. ఆ వరుసలోనే కమాండ్‌లైన్‌టూల్స్ అనే ఫోల్డర్ పేరు కూడా ఉంటుంది. ఎర్రర్ చూడగానే గిట్ పోయిందని కంగారుపడి, గిట్‌ను వేరేచోటి నుంచి తెచ్చి ఎక్కించేవారున్నారు. అది అనవసరమైన శ్రమ. మ్యాక్‌లో యూఎస్ఆర్ బిన్ ఫోల్డర్‌లో కనిపించే గిట్ అసలు గిట్ కాదు. రేవులో టికెట్లు కోసే గుమాస్తా లాంటిది. ప్రయాణికుణ్ని దాటించే పంటు వేరే ఉంది. డెవలపర్ పనిముట్లు ఏ ఫోల్డర్‌లో ఉన్నాయో కనుక్కుని, అక్కడున్న అసలు గిట్‌కు పని అప్పగించడమే ఈ చిన్న ఫైలు చేసేది. అప్‌గ్రేడ్‌లో ఆ ఫోల్డర్ ఎగిరిపోయినా, పాతబడి కొత్త సిస్టమ్‌తో పొసగకపోయినా, గుమాస్తా ఉంటాడు గానీ పంటు ఉండదు. కంపైలర్‌కూ మేక్‌కూ ఇదే ఏర్పాటు కాబట్టి, ఒకటి ఆగితే మూడూ ఆగుతాయి. ఒకేసారి ఇన్ని ఆగిపోయాయంటే చెడింది ఒకటే చోట అని అర్థం చేసుకోవాలి.

ఈ ఏర్పాటుకు కొంత చరిత్ర ఉంది. ఒకప్పుడు ఈ పనిముట్లు కావాలంటే ఎక్స్‌కోడ్ అనే భారీ ప్యాకేజీ మొత్తాన్ని ఎక్కించుకోవాల్సి వచ్చేది. 2012లో ఎక్స్‌కోడ్ 4.3తో పాటు కమాండ్ లైన్ పనిముట్లను యాపిల్ విడి ప్యాకేజీగా ఇచ్చింది. 2013లో మావరిక్స్ వెర్షన్ నుంచి, టెర్మినల్‌లో ఒక్క కమాండ్ కొట్టి వాటిని తెప్పించుకునే వీలు కల్పించింది. ఐఫోన్ యాప్‌లు తయారుచేసే పని లేనివారికి ఈ చిన్న ప్యాకేజీ చాలు. నిండు ఎక్స్‌కోడ్ విప్పుకుంటే పదుల గిగాబైట్లు మింగుతుంది. ఊరికే గిట్ వాడుకోవడానికి దాన్ని దించుకోవడం డేటా దండగ.

ఆ కమాండ్‌ను శ్రోతలు రాసుకోవచ్చు. ఎక్స్‌కోడ్, హైఫన్, సెలెక్ట్, అన్నీ కలిపి ఒకే మాటగా. తర్వాత ఒక ఖాళీ, రెండు హైఫన్లు, ఇన్‌స్టాల్. ఎంటర్ నొక్కితే చిన్న పెట్టె తెరుచుకుని అనుమతి అడుగుతుంది. వందల మెగాబైట్ల డౌన్‌లోడ్ అది. ముగిశాక గిట్ ఎప్పటిలా నడుస్తుంది. కొన్నిసార్లు పనిముట్లు ముందే ఉన్నాయంటూ అదే కమాండ్ ఎదురు చెబుతుంది. అప్పుడు ఎక్స్‌కోడ్ సెలెక్ట్ తర్వాత ఒక ఖాళీ, ఒక హైఫన్, పీ అని కొట్టాలి. సిస్టమ్ ఇప్పుడు ఏ ఫోల్డర్‌ను నమ్ముకుని ఉందో అది చూపిస్తుంది. ఎప్పుడో తీసేసిన ఎక్స్‌కోడ్ వైపు ఆ దారి చూపిస్తుంటే, అడ్మిన్ అధికారంతో నడిపించే సుడో కలిపి, రీసెట్ అనే ఎంపికతో దాన్ని మళ్లీ మొదటికి తేవచ్చు. ఇందుకు ఒక్క మెగాబైట్ కూడా ఖర్చు కాదు. డౌన్‌లోడ్ మొదలుపెట్టే ముందే ఈ పరీక్ష చేసుకోవడం మేలు.

దారి సరిగానే ఉండి, ఫోల్డర్ పాతదైతే కథ వేరు. సిస్టమ్ సెట్టింగ్స్‌లోని సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌లో కమాండ్ లైన్ టూల్స్‌కు కొత్త వెర్షన్ వచ్చి ఉందేమో చూడాలి. అక్కడా లేకపోతే పాత ఫోల్డర్‌ను తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేయాలి. దీనికి చాలామంది చెప్పే మార్గం సుడో, ఆర్ఎం, హైఫన్, ఆర్ఎఫ్ అనే కమాండ్. అడగకుండా, వెనక్కి తెచ్చుకునే వీలు లేకుండా తుడిచిపెట్టే కమాండ్ అది. దారిలో ఒక ఖాళీ పొరపాటున పడితే తుడుచుకుపోయేది వేరే ఫోల్డర్ అవుతుంది. చెవితో విని టైప్ చేయదగినది కాదు. డిస్క్ మీది లైబ్రరీ అనే ఫోల్డర్‌లో, డెవలపర్ అనే ఫోల్డర్ లోపల ఉన్న కమాండ్‌లైన్‌టూల్స్‌ను ఫైండర్ నుంచే ట్రాష్‌లోకి పంపితే అదే ఫలితం వస్తుంది, తేడా వస్తే వెనక్కీ తెచ్చుకోవచ్చు. నిండు ఎక్స్‌కోడ్ ఉన్నవారికి ఇంకో అడ్డంకి ఉంది. కొత్త లైసెన్సు షరతులకు ఒప్పుకునే దాకా కంపైలర్ కదలదు. ఎక్స్‌కోడ్‌ను ఒకసారి తెరిచి అంగీకారం తెలిపితే సరిపోతుంది.

ఇవన్నీ చేశాక కూడా పాత ప్రోగ్రాములు కంపైల్ కాకపోతే, యాపిల్ ఒక్కో ఏడాది దేన్ని తీసేసిందో గుర్తుచేసుకోవాలి. 2018లో మొజావే నుంచి సీ భాష హెడర్ ఫైళ్లు యూఎస్ఆర్ ఇంక్లూడ్ ఫోల్డర్‌లో ఉండటం మానేశాయి. ఆ ఫోల్డర్ పేరును నేరుగా రాసుకున్న పాత మేక్‌ఫైళ్లన్నీ తలకిందులయ్యాయి. 2019లో కేటలీనా 32 బిట్ ప్రోగ్రాములకు చెల్లుచీటీ ఇచ్చింది, కొత్త ఖాతాలకు టెర్మినల్‌లో కమాండ్లను చదివి నడిపించే షెల్‌గా బ్యాష్ బదులు జెడ్‌షెల్‌ను పెట్టింది. 2021లో మాంటెరే నుంచి పీహెచ్‌పీ పోయింది. 2022 మార్చిలో వచ్చిన 12.3 వెర్షన్‌తో పైథాన్ 2.7 పోయింది. సిస్టమ్‌తో వచ్చిన భాషల మీద సొంత ప్రాజెక్టును కట్టుకోకూడదనడానికి ఈ జాబితా ఒక్కటే చాలు. సిస్టమ్ పైథాన్ సిస్టమ్ అవసరం కోసం ఉంటుంది. ప్రాజెక్టు పైథాన్‌ను ప్రాజెక్టే తెచ్చుకోవాలి.

జెడ్‌షెల్ మార్పు వల్ల వచ్చే చిక్కు కాస్త విచిత్రంగా ఉంటుంది. పాత ఖాతాల్లో బ్యాష్ అలాగే ఉండనిచ్చి, మారమని ఒక సూచన మాత్రం చూపించారు. ఆ సూచన పాటించినవారికీ, కొత్త ల్యాప్‌టాప్‌లో కొత్త ఖాతా తెరిచినవారికీ కమాండ్ నాట్ ఫౌండ్ అనే జవాబు ఎదురైంది. కమాండ్ పేరు కొడితే షెల్ కంప్యూటర్ అంతా గాలించదు. పాత్ అనే జాబితాలో ఉన్న ఫోల్డర్లను వరసగా చూస్తుంది, మొదట ఎక్కడ దొరికితే అక్కడ ఆగుతుంది. ఆ జాబితాకు చేసుకున్న చేర్పులు బ్యాష్ ప్రొఫైల్ అనే ఫైల్లో ఉంటాయి. జెడ్‌షెల్ ఆ ఫైలును చదవదు. దాని ఫైళ్లు దానికి వేరుగా ఉన్నాయి. జెడ్ఎస్‌హెచ్ఆర్‌సీ అనే ఫైల్లోకి పాత వరుసలను మార్చి రాసి, కొత్త టెర్మినల్ తెరిస్తే చిక్కు విడిపోతుంది. ఏ కమాండ్ ఏ ఫోల్డర్ నుంచి నడుస్తోందో చెప్పడానికి విచ్ అనే చిన్న కమాండ్ ఉంది. దానికి హైఫన్ ఏ చేర్చి అడిగితే, అదే పేరుతో జాబితాలో ఉన్నవన్నీ చూపిస్తుంది. ఒకే పేరుతో మూడు పైథాన్లు బయటపడటం కొత్త విషయమేమీ కాదు.

మ్యాక్ వాడేవారిలో చాలామంది హోమ్‌బ్రూ అనే ప్యాకేజీ మేనేజర్‌ను ఆశ్రయిస్తారు. 2009లో మ్యాక్స్ హోవెల్ మొదలుపెట్టిన సాధనం ఇది. ఇంటెల్ మ్యాక్‌లలో యూఎస్ఆర్ లోకల్ ఫోల్డర్‌లోనూ, 2020 చివర వచ్చిన ఎం1 నుంచి మొదలైన కొత్త చిప్ మ్యాక్‌లలో ఆప్ట్ హోమ్‌బ్రూ ఫోల్డర్‌లోనూ ఇది కాపురం పెడుతుంది. పాత యంత్రం నుంచి కొత్త యంత్రానికి సామాను మార్చుకున్నవారి పాత్ జాబితాలో పాత చిరునామాయే మిగిలిపోతుంది. అప్‌గ్రేడ్ తర్వాత లైబ్రరీ నాట్ లోడెడ్ అనే ఎర్రర్ వస్తే, ఏ లైబ్రరీ కోసం వెతికి దొరకక ఆగిందో ఆ వరుసలోనే ఉంటుంది. ముందు బ్రూ డాక్టర్ అని కొట్టి అది చెప్పే రోగాలు చదవాలి. తర్వాత బ్రూ అప్‌డేట్, బ్రూ అప్‌గ్రేడ్. మొండికేసిన ఒక్క ప్యాకేజీకి మాత్రం బ్రూ రీఇన్‌స్టాల్. కమాండ్ లైన్ పనిముట్లను సరిచేయకుండా హోమ్‌బ్రూ మీద పడితే, అది కూడా వాటినే అడుగుతుంది కాబట్టి ఫలితం ఉండదు. కింది వరస నుంచి పైకి రావాలి.

అప్‌గ్రేడ్ ఖాతాలో వేయాల్సిన ఇంకో లోపం గిట్ పుష్ దగ్గర బయటపడుతుంది. గిట్ బాగానే నడుస్తుంది, సర్వర్ మాత్రం లోపలికి రానివ్వదు. సర్వర్‌లోకి భద్రంగా ప్రవేశింపజేసే ఓపెన్ఎస్ఎస్‌హెచ్‌లో, 2021 సెప్టెంబర్‌లో వచ్చిన 8.8 వెర్షన్ నుంచి షా1తో చేసే పాత ఆర్ఎస్ఏ సంతకాలను డిఫాల్ట్‌గా ఆపేశారు. మ్యాక్‌లో వెంచురా, ఉబుంటులో 22.04 ఈ మార్పును ఇళ్లకు తెచ్చాయి. కంపెనీ సర్వర్ పాతదైతే, రెండు వైపులా తాళం చెవులు సరైనవే అయినా మాట కుదరదు. ఈడీ 25519 రకం తాళం కొత్తగా తయారుచేసి సర్వర్‌కు ఇవ్వడం సరైన పరిష్కారం. పాత సంతకాన్ని మళ్లీ అనుమతించే అడ్డదారి కూడా ఉంది. దాన్ని ఆ ఒక్క సర్వర్ పేరు కిందే రాయాలి తప్ప అన్నిటికీ వర్తించేలా రాయకూడదు.

ఉబుంటు లినక్స్‌లో చిక్కులకు ముఖ్యమైన నిలయం పైథానే. దీర్ఘకాల మద్దతు ఉండే వెర్షన్లు రెండేళ్లకోసారి ఏప్రిల్‌లో వస్తాయి. 20.04లో పైథాన్ 3.8, 22.04లో 3.10, 24.04లో 3.12 ఉంటాయి. విద్యార్థులు ప్రాజెక్టుకొకటి చొప్పున కట్టుకునే వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ సిస్టమ్ పైథాన్‌కు ఒక లింకు మాత్రమే. 22.04లో కట్టుకున్నదైతే దానిలోని ప్యాకేజీలు పైథాన్ 3.10 అన్న పేరున్న ఫోల్డర్‌లో ఉంటాయి. 24.04కు అప్‌గ్రేడ్ అయ్యాక లింకు 3.12కు చేరుతుంది. అది తన పేరున్న ఫోల్డర్ కోసం చూస్తుంది, అక్కడ ఏమీ ఉండదు. మాడ్యూల్ నాట్ ఫౌండ్ అంటుంది. ఆ ఎన్విరాన్‌మెంట్‌ను బాగుచేయాలని చూడకుండా కొత్తది కట్టుకోవడమే త్వరగా అయ్యే పని. కావాల్సిన ప్యాకేజీల జాబితాగా ఉండే రిక్వైర్‌మెంట్స్ ఫైలు ముందే రాసిపెట్టుకోనివారు కూడా నిరాశపడనక్కర్లేదు. పాత ఫోల్డర్ తెరిస్తే లోపల ప్రతి ప్యాకేజీ పేరూ, వెర్షన్ నంబరూ ఫోల్డర్ల పేర్లలోనే కనిపిస్తాయి.

ఇక్కడే ఒక ఉచ్చు ఉంది. కొత్త పైథాన్ వద్దు, పాతదే కావాలని సిస్టమ్ పైథాన్ 3 లింకును వేరే వెర్షన్‌కు తిప్పేవారున్నారు. ఉబుంటులో ప్యాకేజీలను ఎక్కించే ఆప్ట్ కమాండ్‌కు అనుబంధమైన పనిముట్లూ, టెర్మినల్ కిటికీ కూడా ఆ పైథాన్ మీదే ఆధారపడతాయి. లింకు తిప్పిన మరుక్షణం టెర్మినల్ తెరుచుకోదు, బాగుచేయడానికి కావాల్సిన చోటే మూతపడుతుంది. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 మీటలు కలిపి నొక్కితే వచ్చే అక్షరాల తెరలో లాగిన్ అయి లింకును వెనక్కి తిప్పడమే గతి. పాత వెర్షన్ కావాలంటే దాన్ని వేరే పేరుతో పక్కన పెట్టుకోవచ్చు. సిస్టమ్ లింకు జోలికి మాత్రం వెళ్లకూడదు.

ఉబుంటు అప్‌గ్రేడ్ చేసేటప్పుడు బయటి సంస్థల ప్యాకేజీ నిలయాలను ఆపేస్తుంది. డాకర్, నోడ్ లాంటివి అలా పాత వెర్షన్‌లోనే నిలిచిపోతాయి. కొత్త వెర్షన్‌కు తగిన నిలయం సిద్ధమైందో లేదో చూసి, జాబితాలో 22.04 పేరు జామీ ఉన్నచోట 24.04 పేరు నోబుల్ రాసి, మళ్లీ తెరవాలి. అప్‌గ్రేడ్ మధ్యలో కరెంటు పోయి ఆగిపోయిన కేసు వేరు. డీపీకేజీ కాన్ఫిగర్ కమాండ్‌తో సగంలో ఆగినవాటిని పూర్తిచేయించి, తర్వాత ఆప్ట్‌కు ఫిక్స్ బ్రోకెన్ అనే ఎంపిక ఇవ్వాలి. విండోస్‌లో ఈ గొడవ తక్కువ. పైథాన్ అని కొడితే పైథాన్ బదులు మైక్రోసాఫ్ట్ స్టోర్ తెరుచుకోవడం అక్కడ తరచూ కనిపించేది. సెట్టింగ్స్‌లో యాప్ ఎగ్జిక్యూషన్ అలియాసెస్ అనే చోట ఆ మీటను ఆపేస్తే పోతుంది.

సిస్టమ్ భాషగా తెలుగును పెట్టుకున్న లినక్స్ యంత్రాలకు ప్రత్యేకమైన ఇబ్బంది ఒకటి ఉంటుంది. స్వేచ్ఛ లాంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ సంస్థల కృషితో తెలుగు మెనూలతో లినక్స్ వాడటం సాధ్యమైంది. అప్‌గ్రేడ్ తర్వాత లొకేల్ అనే తెలుగు భాషా సెట్టింగు తయారై లేకపోతే పెర్ల్ నుంచి మొదలుపెట్టి చాలా కమాండ్లు ఒక హెచ్చరిక వల్లిస్తాయి. లొకేల్ జెన్ కమాండ్‌కు టీఈ, కింది గీత, ఐఎన్ అని ఇచ్చి దాన్ని మళ్లీ తయారుచేస్తే హెచ్చరికలు ఆగుతాయి. ఎర్రర్ తెలుగులో వచ్చినప్పుడు దానికి పరిష్కారం వెతకడం కష్టం, రాసినవాళ్లంతా ఇంగ్లీషు మాటలతోనే రాశారు గనుక. కమాండ్‌కు ముందు ఎల్‌సీ, కింది గీత, ఆల్, ఈక్వల్స్, సీ అని చేరిస్తే, ఆ ఒక్కసారికి ఎర్రర్ ఇంగ్లీషులో వస్తుంది.

ఇన్ని చిక్కులున్నప్పుడు అప్‌గ్రేడే మానేస్తే పోలేదా అన్న ప్రశ్న సహజం. 2018 ఫిబ్రవరిలో జరిగింది తెలుగువారికి గుర్తుండాలి. తెలుగు లిపిలోని ఒక అక్షరాల కూర్పును తెరమీద చూపించబోయి ఐఫోన్లలోనూ మ్యాక్‌లలోనూ యాప్‌లు కుప్పకూలాయి. ఆ నెల 19న యాపిల్ విడుదల చేసిన అప్‌డేట్‌తోనే అది తీరింది. అప్‌డేట్ ఎక్కించని ఫోనుకు తెలుగులో ఒక సందేశం పంపి ఆగిపోయేలా చేయవచ్చన్నమాట. భద్రతా లోపాలు ఇంతకన్నా ప్రమాదకరం. విండోస్ 10కు ఉచిత మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. అప్‌గ్రేడ్‌ను వాయిదా వేయవచ్చు గానీ ఎగవేయలేం.

వాయిదా వేయడానికి కోనసీమలో మంచి కారణమే ఉంది. మ్యాక్ కొత్త వెర్షన్ 2020లో నవంబర్ 12న, 2021లో అక్టోబర్ 25న, 2022లో అక్టోబర్ 24న, 2023లో సెప్టెంబర్ 26న వచ్చింది. ఉబుంటు రెండో విడత కూడా అక్టోబర్‌లోనే. ఇవన్నీ బంగాళాఖాతంలో తుఫాన్లు పుట్టే నెలలు. 1996 నవంబర్ 6 రాత్రి తుఫానును చూసిన తరానికి ఈ తీరంలో ఆ నెలల సంగతి చెప్పనక్కర్లేదు. విడుదలైన రోజే ఎక్కించి, సగంలో కరెంటు పోగొట్టుకోవడం కన్నా సంక్రాంతి తర్వాత చేసుకోవడం నయం. అప్పటికి మొదటి సవరణలు వచ్చి ఉంటాయి, హోమ్‌బ్రూ ప్యాకేజీలూ కొత్త వెర్షన్‌కు సర్దుకుని ఉంటాయి. మధ్యలో వచ్చే చిన్న భద్రతా అప్‌డేట్లను మాత్రం ఆపకూడదు.

నెట్ ఎప్పుడూ ఉంటుందన్న నమ్మకం కూడా ఇక్కడ పనికిరాదు. 2022 మే 24న అమలాపురంలో అల్లర్లు చెలరేగాక కోనసీమ జిల్లాలో ఇంటర్నెట్ సేవలను రోజుల తరబడి నిలిపివేశారు. ఇళ్ల నుంచి పనిచేసేవాళ్లు సిగ్నల్ కోసం ల్యాప్‌టాప్‌లు పట్టుకుని ఊరు దాటి వెళ్లాల్సి వచ్చింది. అలాంటి రోజున డెవలపర్ పనిముట్లు విరిగితే ఇన్‌స్టాల్ కమాండ్ ఎందుకూ కొరగాదు. యాపిల్ డెవలపర్ సైట్‌లో కమాండ్ లైన్ పనిముట్లు డిస్క్ ఇమేజ్ రూపంలో విడిగా దొరుకుతాయి. ఉచిత ఖాతాతో ఒకసారి దించి పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుంటే, నెట్ లేకుండానే ఎన్ని యంత్రాలకైనా ఎక్కించవచ్చు. ఒక హాస్టల్ గదికో, ఒక వీధికో ఒక్క పెన్‌డ్రైవ్ చాలు.

అప్‌గ్రేడ్‌కు ముందు పూటే ఇంకొన్ని దాచుకోవాలి. హోమ్‌బ్రూ ప్యాకేజీల జాబితాను బ్రూ బండిల్ డంప్ కమాండ్ ఒక ఫైల్లో రాసిస్తుంది. ప్రతి పైథాన్ ప్రాజెక్టుకూ పిప్ ఫ్రీజ్ ఫలితం, షెల్ సెట్టింగుల ఫైళ్లు, ఎస్ఎస్‌హెచ్ ఫోల్డర్ నకలు తీసుకోవాలి. రాసిన కోడ్‌ను సర్వర్‌కు పంపేసి, ల్యాప్‌టాప్‌లో మాత్రమే మిగిలిన మార్పులేవీ లేకుండా చూసుకోవాలి. పాత్ జాబితాను ఎకో కమాండ్‌తో చూసి కాగితం మీద రాసుకున్నా సరే. ఇవన్నీ కలిపి కొన్ని మెగాబైట్లకు మించవు, ఫోన్లోనే పడతాయి.

అప్‌గ్రేడ్ ముగిశాక ప్రాజెక్టు తెరవకముందే గిట్, కంపైలర్, పైథాన్, నోడ్‌లను ఒక్కొక్కటిగా పిలిచి వెర్షన్ అడగాలి. జవాబు రానిది ఏదో, ఏ ఎర్రర్‌తో ఆగిందో ముందు రాసుకోవాలి. చాలా ఎర్రర్లలో మొదటి వరుసే ముఖ్యం, తర్వాతి వరుసలు చాలావరకు దాని పర్యవసానాలే. ఒకటి సరిచేశాక కొత్త టెర్మినల్ తెరిచి మళ్లీ పరీక్షించాలి, ఎందుకంటే పాత కిటికీ పాత పాత్ జాబితానే పట్టుకుని కూర్చుంటుంది. నాలుగూ జవాబిచ్చాక ఒక చిన్న సీ ప్రోగ్రామును కంపైల్ చేసి చూడాలి. అది నడిస్తే హెడర్లు, లింకర్ కూడా కుదురుకున్నట్టే. ఆ తర్వాత ప్రాజెక్టులో పాత బిల్డ్ ఫోల్డర్‌ను తుడిచి మొదటి నుంచి బిల్డ్ చేయాలి.